గంటకు వెల ఉన్నది, వేళకు లేదు

తెలుగున గంట యను మాటకు రెండర్థములు గలవు. గుడిలో మ్రోగునది గంట. దినములో ఇరువదినాల్గవ భాగమును గంటయే. మ్రోగు గంట ఊరందరిది; అందులో వివాదము లేదు. లెక్కపెట్టు గంట ఎవరిదన్న ప్రశ్న మాత్రము నేటికిని తెగలేదు. శ్రమను అమ్ముకొని బ్రతుకువారి చరిత్రలో పెద్దభాగము ఈ రెండవ గంటను గూర్చిన తగవే.

పాలేరు ఏడాదికి కుదురును. గుమాస్తా నెలకు కుదురును. కూలివాడు దినమునకు కుదురును. ఏడాది జీతగానికి పగలును రాత్రియు ఆసామివే. నెలజీతగానికి ఆదివారమైనను తనదన్న ఆశ యుండును. రోజుకూలికి ప్రొద్దు గ్రుంకినంతనే తన ఇల్లు తనది, తన మంచము తనది. ఈ వరుసను చూడగా, కాలమును ఎంత చిన్న తునకలుగా అమ్ముకొన్న మనిషి అంత స్వతంత్రుడని తోచును. అట్లయినచో గంటల లెక్కన పనిచేయువాడు అందరికంటె స్వతంత్రుడు కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దుకాణపు పనివారి స్థితిని పరిశీలించినచో ఈ లెక్క తారుమారగుచున్నది. అచట గంటకు వెల ఉన్నది. ఆ గంట ఏ వేళ వచ్చునో చెప్పు పూచీ మాత్రము పెక్కుచోట్ల ఎవరికిని లేదు.

దీని మూలమును తెలిసికొనుటకు 1938వ సంవత్సరమునకు పోవలెను. ఆ ఏట జూన్ 25వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు న్యాయ శ్రమ ప్రమాణముల చట్టముపై సంతకము చేసెను. గంటకు 25 సెంట్లు కనీస వేతనమని ఆ చట్టము నిర్ణయించినది. వారమునకు మొదట 44 గంటలు, 1940 నాటికి 40 గంటలు హద్దుగా పెట్టినది. ఆ హద్దు దాటిన ప్రతి గంటకును ఒకటిన్నర రెట్లు కూలి చెల్లింపవలెనని శాసించినది. చట్టకర్తల ఉద్దేశ్యము ద్వివిధము. పనిచేయువాడు అలసటతో కృశింపరాదు. పనిలేక వీధిన నిలుచున్నవానికి పని దొరకవలెను. ఒకనిచేత అరువది గంటలు చేయించుకొనుట ఖరీదైనచో, యజమాని రెండవ మనిషిని పెట్టుకొనునని వారి ఊహ. లక్షలాదిమంది నిరుద్యోగులై యున్న ఆ ఆర్థిక మాంద్యపు దినములలో అది మంచి ఊహయే. అయితే దుకాణపు పనివారిలో అత్యధికులు మొదట ఈ చట్టమునకు వెలుపలనే యుండిరి. 1961లో జరిగిన సవరణతో గాని పెద్ద దుకాణ సంస్థల పనివారు దాని నీడలోనికి రాలేదు.

ఈ చట్టము చేసినదెంత, చేయనిదెంత యన్నది విచారింపవలసియున్నది. వయోజనులు 40 గంటలకు మించి పనిచేయరాదని అది నిషేధింపలేదు. మించినచో వెల హెచ్చునన్నది. దినమునకు ఇన్ని గంటలని హద్దు పెట్టలేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు తమ సొంత శాసనములచేత దినమునకు 8 గంటలు దాటిన పనికి హెచ్చుకూలి ఏర్పరచినవి గాని, దేశమంతటికిని అట్టి నియమము లేదు. ముఖ్యముగా, పైహద్దు పెట్టిన చట్టము అడుగుహద్దును పెట్టలేదు. వారమునకు ఇన్ని గంటలైనను పని యిచ్చి తీరవలెనని అది ఎవ్వరికిని చెప్పలేదు.

వర్తకుడు లెక్క తెలిసినవాడు. నలుబదియొకటవ గంట ఖరీదైనదని తెలిసిన తరువాత ఆ గంటకు దూరముగా నిలుచుట నేర్చుకొనెను. పెక్కు దుకాణములలో మేనేజరునకు పైనుండి వచ్చు ఆజ్ఞ ఒక్కటే: ఓవర్‌టైము కనబడరాదు. వారము చివర ఎవరైనను 39వ గంటకు చేరినచో, సరకు సగము దింపియుండినను, గల్లాపెట్టె ముందు బారులు తీరియుండినను, అతనిని ఇంటికి పంపివేయుదురు. ఆ మిగిలిన భారము ప్రక్కనున్నవాని వీపుపై పడును. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టము మరియొక గీతను గీచినది. 50 మందికి తక్కువగాని పూర్తికాలపు సిబ్బంది గల యజమాని, వారమునకు సగటున 30 గంటలు చేయువారికి బీమా సౌకర్యమును చూపవలెను, లేనిచో జరిమానా. ఉద్దేశ్యము మంచిదే. ఫలితముగా కొందరు యజమానులకు 30వ గంటయు 41వ గంటవలెనే భయపడదగిన గంట అయినది.

కావున పనివానికి 25 గంటలు దొరకును. అతనికి 35 కావలెను. మిగిలిన పది గంటలు అదే దుకాణములో ఉన్నవి. వాటికై క్రొత్త మనిషిని తెచ్చిరి, అతనికిని కొద్ది గంటలే. ఇంటి అద్దె మాత్రము సగము రోజునకు సగము తగ్గదు గదా. అతడు రెండవ దుకాణములో చేరును. అచట 25 గంటలు, ఇచట 25 గంటలు, వెరసి 50. అయినను ఓవర్‌టైము లేదు. ఏలయన చట్టము ఒక్కొక్క యజమాని వద్ద చేసిన గంటలనే వేర్వేరుగా లెక్కించును. అలసినది మాత్రము ఒకే శరీరము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత యిట్టి సందర్భముననే పుట్టియుండును.

2025లో అమెరికా కాంగ్రెసు మరియొక వరమును ప్రసాదించినది. ఓవర్‌టైములోని అదనపు భాగముపై, కొన్ని హద్దులకు లోబడి, ఏడాదికి 12,500 డాలర్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు 2028 వరకు లభించును. కర్మాగారములందును, ఆసుపత్రులందును అధికగంటలు చేయువారికి ఇది మేలే. కాని నలుబదియొకటవ గంట ముఖమే చూడని దుకాణపు పనివానికి దీనివలన ఒరుగునదేమి? అందని మానిపండు మరికొంత తీయనైనదని చెప్పినచో ఆకలి తీరదు.

గంటల సంఖ్యకంటె గంటల అమరిక ఇంకను బాధాకరమైనది. ఏ దినమున, ఏ వేళకు, ఎవరు రావలెనో నిర్ణయించు పని నేడు పెద్ద దుకాణములలో కంప్యూటరుది. నిరుడు ఈ వారమున ఎంత అమ్మకము జరిగినది, రేపు వాన కురియునా, మంచు పడునా, ఏ గంటలో ఎంతమంది గడప దాటుదురు అను లెక్కలనుబట్టి అది మనుష్యులను అమర్చును. జనము పలుచగా నున్నచో వచ్చినవానిని మధ్యలోనే పంపివేయుదురు. హెచ్చినచో ఇంటనున్నవానిని పిలుతురు. దుకాణములలోను, భోజనశాలలలోను పనిచేయు గంటలవారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి తమ పనివేళలు రెండు వారముల ముందుగా తెలియవని పరిశోధకులు గుర్తించిరి. రాత్రి పదకొండింటికి దుకాణము మూసి తాళము వేసినవాడే తెల్లవారి ఆరింటికి వచ్చి తాళము తీయవలసివచ్చుట అచట అరుదు కాదు. ఆ నడిమి ఏడు గంటలలో రాకపోకలు, భోజనము, నిద్ర అన్నియు ఇమడవలెను.

ఇంతకంటె విడ్డూరమైన ఆచారము ఇంకొకటి కలదు. పనివాడు షిఫ్టునకు కొన్ని గంటల ముందు ఫోను చేసి, నేడు రావలెనా యని అడుగవలెను. రమ్మన్నచో పోవలెను, వద్దన్నచో ఊరకుండవలెను. అంతవరకు ఆ పూటను మరియొక పనికి ఒప్పుకొనరాదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో ఉదయమున కూలీలు అడ్డాలపై నిలుచు దృశ్యము తెలుగువారికి క్రొత్త కాదు. మేస్త్రీ వచ్చి వేలు చూపినవానికి పని. తక్కినవారు ప్రొద్దెక్కువరకు నిలిచి, సద్దిమూటతోనే ఇంటికి మరలుదురు. నిలిచిన కాలమునకు కూలి లేదు. అమెరికా దుకాణములు ఆ అడ్డాను పనివాని ఇంటిలోనికే కొనిపోయినవి. మేస్త్రీకి బదులు ఫోను. అడ్డాపై నిలుచున్నవానికి ప్రక్కన పదిమంది తోడైనను ఉందురు. ఫోను ముందు కూర్చున్నవాడు ఏకాకి.

ఈ అనిశ్చితి ఇంటిలో ఏమి చేయునో ఊహించుట కష్టము కాదు. బిడ్డను చూచుకొను మనిషిని ముందుగా మాటాడుకొనవలెను. తల్లికి తన వేళయే తెలియదు. కళాశాలలో సాయంకాలపు తరగతికి చేరవలెనన్నచో ప్రతి మంగళవారమును ఖాళీయని చెప్పగలుగవలెను. ముసలి తండ్రిని వైద్యుని వద్దకు కొనిపోవుటకు నెల ముందు రోజు నిర్ణయమగును. పనిచీటీ మూడు దినముల ముందు వచ్చును. ఒక వారము 32 గంటల కూలి, మరుసటి వారము 14 గంటల కూలి వచ్చు సంసారమునకు పద్దు ఎట్లు కుదురును? దారిద్ర్యమునకు సహితము ఒక క్రమము ఉన్నచో మనిషి దానితో సర్దుకొనగలడు. క్రమము లేని సంపాదనతో సర్దుకొనుట కష్టము.

ఎదుటిపక్షపు వాదమును వినకుండుట న్యాయము కాదు. వ్యాపారము నిలుకడ లేనిది. కృతజ్ఞతార్పణ దినము మొదలు క్రిస్మసు వరకు జనము విరుగబడుదురు. జనవరిలో ఈగలు తోలుకొనవలసివచ్చును. మేనేజరు తానుగా క్రూరుడు కాడు. అమ్మకములో ఇంత పాలు మాత్రమే కూలికి ఖర్చుకావలెనని అతనికి పైవారు లెక్క కట్టి యిత్తురు. ఒక్క ఓవర్‌టైము గంటకు అతడే సంజాయిషీ చెప్పుకొనవలెను. విద్యార్థులు, చిన్నబిడ్డల తల్లులు, విశ్రాంతి పొందిన వృద్ధులు తక్కువ గంటలనే కోరుకొందురన్న మాటయు నిజమే. వేళలలో సడలింపు ఉండుట వారికి వరము.

ఈ వాదములో సత్యమున్నది. కాని అది సగము సత్యము. సడలింపు అనునది ఇరువైపుల నుండవలెను. పరీక్ష యున్నది, గురువారము రాలేనని విద్యార్థిని చెప్పినప్పుడు ఆమె వారపు గంటలు ఇరువది నుండి ఆరునకు పడిపోయినచో, దానికి సడలింపు అను పేరు తగదు. ఇచట వంగుచున్నది ఒక్క పక్షమే. జనము తగ్గుట వ్యాపారములోని నష్టభయము. లాభము వచ్చినప్పుడు పంచుకొననివాడు నష్టభయమును మాత్రము గంటకు ఇన్ని డాలర్లు తీసికొనువానితో పంచుకొనుట ఏ ధర్మశాస్త్రము ప్రకారమును న్యాయము కాదు.

ఈ సంగతిని కొన్ని నగరములు గుర్తించినవి. సాన్‌ఫ్రాన్సిస్కో నగరము 2014లో దుకాణ పనివారి హక్కుల శాసనములను ఆమోదించి, పెద్ద సంస్థలు రెండు వారముల ముందుగా పనివేళలను తెలుపవలెననియు, తరువాత మార్చినచో పరిహారము చెల్లింపవలెననియు నిర్ణయించినది. సియాటిల్ నగరపు శాసనము 2017 జూలైలో అమలునకు వచ్చినది. దాని ప్రకారము 14 దినముల ముందు వేళలు తెలుపవలెను. రెండు షిఫ్టుల నడుమ 10 గంటల విరామము లేనిచో ఆ లోపించిన గంటలకు ఒకటిన్నర రెట్లు ఈయవలెను. క్రొత్తవారిని చేర్చుకొనుటకు ముందు ఉన్నవారికి ఆ గంటలను చూపవలెను. అదే ఏట న్యూయార్కు నగరము దుకాణములలో ఫోను పిలుపు షిఫ్టులను నిషేధించి, 72 గంటల ముందు వేళలు తెలుపవలెనన్నది. ఆరెగాన్ రాష్ట్రమంతటికిని వర్తించు చట్టమును 2017లో చేసినది. లాస్ ఏంజెలెస్ నగరము 2023లో ఈ త్రోవ పట్టినది. ఫోను చేసి రావలెనా యని అడిగించుటయు పనికి హాజరగుటయే యని, దానికి కూలి చెల్లవలెనని కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానమొకటి 2019లో తీర్పు చెప్పినది. దీనికి ప్రతిగా జార్జియా, అయోవా వంటి రాష్ట్రములు తమ నగరములు ఇట్టి శాసనములను చేయరాదని అడ్డుకట్ట వేసినవి. తగవు తీరలేదు గాని, తగవు దేనినిగూర్చియో తేటపడినది.

వేళలను స్థిరపరచినచో వ్యాపారము చెడునన్న భయమునకు ఒక ప్రయోగము సమాధానము చెప్పినది. గ్యాప్ అను వస్త్రవ్యాపార సంస్థకు చెందిన 28 దుకాణములలో, సాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతములందు, 2015, 2016 సంవత్సరములలో విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఈ విషయమును పరీక్షించిరి. కొన్ని దుకాణములలో పనివేళలను మునుపటికంటె నిలుకడగా ఏర్పరచి, తక్కినవానితో పోల్చి చూచిరి. నిలుకడ గల దుకాణములలో అమ్మకములు సుమారు 7 శాతము, శ్రామికుని ఉత్పాదకత 5 శాతము పెరిగినట్లు 2018లో ప్రకటించిరి. ఇందు ఆశ్చర్యమేమియు లేదు. సరకు ఎచట నున్నదో తెలిసిన పాతమనిషి ఎదుట నిలిచినచో కొనవచ్చినవాడు ఉత్తచేతులతో పోడు. రేపటి దిగులు లేనివాని ముఖమున నవ్వును నేర్పవలసిన పని లేదు.

ఇక తెలుగునాటి మాట. మద్రాసు రాష్ట్రమున 1947లోనే దుకాణములకు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని గీత గీచి, ఆ పైన చేసిన పనికి రెట్టింపు కూలి ఈయవలెనన్నది. అమెరికాలో ఒకటిన్నర, ఇచట రెండు. కాగితముపై చూచినచో తెలుగునాటి గుమాస్తాయే ధన్యుడు. కాని ఇచటి బాధ వేరు. అచట గంటలు చాలవు. ఇచట గంటలు ముగియవు. సికింద్రాబాదు జనరల్ బజారులోగాని, విజయవాడ బీసెంటు రోడ్డులోగాని, దసరా మొదలు సంక్రాంతి వరకు చీరల దుకాణములలో నిలుచువారి ఓవర్‌టైమును లెక్కకట్టు పుస్తకము చాలచోట్ల తెరచుటయే యుండదు. నెలజీతమన్న ఒక్క మాటలో అదనపు గంటలన్నియు కరగిపోవును. దినమంతయు నిలుచుండి పనిచేయు ఆడవారికి కూర్చుండుటకు ఆసనము ఈయవలెనని చెప్పుటకే కేరళమునకు 2018లోను, తమిళనాడునకు 2021లోను శాసనము కావలసివచ్చినది.

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వము దుకాణములు తప్ప తక్కిన వాణిజ్య సంస్థలలో దినమునకు 10 గంటల వరకు పనిచేయించుకొనుటకు అనుమతించినది. వారమునకు 48 గంటల హద్దును నిలిపి, దానిని మించిన పని మూడు నెలలకు 144 గంటలు దాటరాదన్నది. అదే ఏట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును పని దినమును 10 గంటలకు పెంచు మార్గమునే త్రొక్కినది. వారపు మొత్తము మారలేదు గదా యని కొందరు సమాధానపడుదురు. అమెరికా అనుభవము చెప్పు పాఠము సరిగా ఇదియే: మొత్తము మారకున్నను అమరిక మారినచో జీవితము మారును. దినమునకు 10 గంటలు చేసి ఐదవ దినమున తేలికపడు ఉద్యోగికి ఇది సౌకర్యము. ఏ దినము పదియో, ఏ దినము ఆరో ముందుగా తెలియని ఉద్యోగికి ఇదే శిక్ష. ఆ తేడాను నిర్ణయించునది ముందస్తు కబురు.

ఫోనులో నొక్కిన సరకును నిమిషములలో ఇంటికి చేర్చు గిడ్డంగులు నేడు తెలుగు నగరములలో పేటపేటకు వెలసినవి. అచట సరకు ఏరువారిని, బండ్లపై చేరవేయువారిని నడిపించునది కంప్యూటరు లెక్కయే. అనగా అమెరికా దుకాణపు పద్ధతి సముద్రము దాటి వచ్చియే యున్నది. దానికి తోడు రావలసిన రక్షణ మాత్రము ఓడ యెక్కలేదు. అమెరికాకు చదువునకై పోయిన తెలుగు విద్యార్థుల సంగతియు ఇచట తలపునకు వచ్చును. కళాశాల జరుగుచున్న కాలమున ప్రాంగణములో వారమునకు 20 గంటలే వారికి అనుమతి. ఫీజుల ఒత్తిడిచే కొందరు వెలుపలి దుకాణములలో చాటుగా నిలుచుందురు. చాటుగా చేసిన పనికి చీటీ లేదు, ముందస్తు వేళ లేదు, అడుగుటకు నోరును లేదు. చట్టము నీడ లేనిచోట గంటకు వెల ఎంత పలుచబడునో వారికి తెలిసినంత మరియెవ్వరికిని తెలియదు.

చేయదగినది అంతుపట్టని రహస్యమేమియు కాదు. రెండు వారముల ముందు పనివేళలను వ్రాసి యీయవలెను. తరువాత మార్చినచో, మార్చినవాడే పరిహారము చెల్లింపవలెను. రాత్రి మూసినవానికి తెల్లవారి తెరచుటకు నడుమ 10 గంటల విరామము ఉండవలెను. క్రొత్త మనిషిని పిలుచుటకు ముందు పాతమనిషిని అడుగవలెను. పైహద్దుతోపాటు, ఇంతకు తగ్గదన్న అడుగుహద్దును ఒప్పందములో నుండవలెను. ఇందు ఏదియు వర్తకుని దివాలా తీయించునది కాదు. ప్రతి దుకాణపు తలుపుమీదను తెరచు వేళ, మూయు వేళ వ్రాసిన పలక యొకటి వ్రేలాడుచుండును. కొనవచ్చువానికి ఆ మర్యాద చూపుట వ్యాపారధర్మమని ప్రతి వర్తకుడును ఎరుగును. అమ్మువానికిని అదే మర్యాద చూపవలెనని కోరుట అధికమైన కోరిక కాదు.